మన్యంలో ఆదివాసీ ఇంట బస: పనికివచ్చే అతిథిగా ఎలా వెళ్లాలి

విశాఖపట్నం నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి అరకు, పాడేరు, లంబసింగి వైపు వెళ్లేవారిలో చాలామంది వంజంగి కొండ మీద మేఘాలనూ, చాపరాయి దగ్గర నీళ్లనూ చూసుకొని సాయంత్రానికి దిగిపోతారు. అలా కాకుండా కొండల మధ్య కాలినడకన తిరిగి, ఒక ఆదివాసీ కుటుంబం ఇంట వారం పదిరోజులు ఉండి, చేతనైన పని చేసి రావాలనుకునేవారు నన్ను తరచుగా దారి అడుగుతూ ఉంటారు. వారి కోసమే ఇది రాస్తున్నాను. సాయం చేయడానికి వెళ్తున్నామని మనం అనుకుంటాము గానీ, ఆ ఇంటివారికి మాత్రం మనం మొదటి రోజున ఒక అదనపు కంచం, ఒక అదనపు పక్క, రెండు బిందెల అదనపు నీళ్లు. ఆ బరువు తగ్గించడం ఎలాగన్నదే ఇక్కడ అసలు విషయం.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరు కేంద్రంగా ఉన్న ఈ కొండ ప్రాంతంలో భగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, కొండులు, పూర్జలు, గదబలు పక్కపక్క ఊళ్లలోనూ, కొన్నిచోట్ల ఒకే ఊళ్లోనూ ఉంటారు. అందరినీ కలిపి ‘గిరిజనులు’ అని మనం ఒక్క మాటలో తేల్చేస్తాము గానీ, వారి భాషలు, దేవతలు, పెళ్లి పద్ధతులు వేరు వేరు. అరకు, డుంబ్రిగుడ, ముంచంగిపుట్టు వైపు ఒక తెగవారు మరో తెగవారితో మాట్లాడుకునేది ఎక్కువగా ఆదివాసీ ఒడియాలోనే. కొండులకు కువి, గదబలలో కొందరికి గుతోబ్ ఇంటిభాష. బడికి వెళ్లిన పిల్లలకు తెలుగు బాగా వచ్చినా, ఇంట్లో ముసలమ్మకు రాకపోవచ్చు. కాబట్టి మీరు వెళ్లబోయే ఊరి వారు ఎవరో, ఇంట్లో ఏం మాట్లాడుతారో బయలుదేరక ముందే తెలుసుకోవాలి.

పిలుపు లేకుండా ఏ ఇంటికీ వెళ్లవద్దు. ఆ ప్రాంతంలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఉపాధ్యాయుడో, ఆశా కార్యకర్తో, కాఫీ రైతుల సంఘంవారో, స్వచ్ఛంద సంస్థవారో తమకు తెలిసిన కుటుంబాన్ని అడిగి, ఆ ఇంటి ఆడవారు కూడా సరేనన్నాకనే తేదీ ఖాయం చేసుకోవాలి. మగవాడు సంతలో ఎదురై రమ్మన్నంత మాత్రాన అది ఇంటి పిలుపు కాదు, ఎందుకంటే నీళ్లు మోసేదీ, వంట చేసేదీ ఎక్కువగా ఆడవారే. ఊరు చేరిన రోజునే ఊరి పెద్దను కలిసి, మీరెవరో, ఎన్నాళ్లుంటారో, ఏం చేయాలనుకుంటున్నారో చెప్పుకోవాలి. చాలా ఊళ్లలో ఆయనను ‘నాయుడు’ అంటారు. కబురు చేరవేసే బారికి, ముహూర్తాలు చూసి పూజలు జరిపే దిశారి కూడా ఊళ్లో మాట చెల్లే మనుషులే. ఒడిశా సరిహద్దుకు దగ్గరి లోపలి ఊళ్లకు వెళ్తున్నట్లయితే స్థానిక పోలీస్ స్టేషన్‌లో ముందుగా చెప్పి వెళ్లడం మీకూ, మీకు చోటిచ్చిన వారికీ క్షేమం.

కాలం ఎంచుకోవడంలో నేను చేసిన పొరపాటు చెబుతాను. మొదటిసారి వానాకాలంలో, సరిగ్గా నాట్ల రోజుల్లో వెళ్లాను. ఆ ఇంటి కోడలు రెండు రోజులు పొలానికి వెళ్లకుండా నాకు వండిపెట్టడానికి ఆగిపోయింది. ఆ రోజుల్లో ఒకరి పొలంలో ఒకరు మార్పుచేతులుగా నాట్లు వేసుకుంటారు. ఆమె బాకీపడిన ఆ రెండు రోజుల పనిని తరువాత ఎవరి పొలంలోనో తీర్చవలసి వచ్చిందని వచ్చేసే ముందు తెలిసింది. ఆ ఇంటివారు దాని గురించి నాతో ఒక్క మాటైనా అనలేదు, అందుకే అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గెడ్డలు, అంటే కొండవాగులు, పొంగుతాయి, జ్వరాలూ ఎక్కువ. కొత్తగా వెళ్లేవారికి నవంబరు నుంచి జనవరి వరకు అనువైన కాలం. చలి బాగా ఉంటుంది గానీ నూనెగింజ పంటైన వలిసె చేలు పసుపుపచ్చగా పూసి, కాఫీ పండ్ల కోత నడుస్తూ, కొత్త మనిషి చేతికి కూడా నేర్చుకోదగిన పని దొరుకుతుంది. చైత్రంలో ఇటుకల పండుగ రోజులైతే మగవారు వేటకు పోతారు, ఊళ్లో ఆటపాటలు తప్ప వేరే పని జరగదు. ఆడవారు దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయేవారిని డబ్బులు అడుగుతారు. అది పండుగ మర్యాద, దోపిడీ కాదు. నవ్వుతూ ఇచ్చి వెళ్లాలి.

విశాఖపట్నం నుంచి ఉదయం బయలుదేరే కిరండూల్ రైలు బొర్రా, శిమిలిగుడ మీదుగా అరకు చేరుస్తుంది. పాడేరుకు ఆర్టీసీ బస్సులున్నాయి. అక్కడి నుంచి జీపు, ఆటో, ఆపైన నడక. సంచి మీరే మోయగలిగినంత ఉండాలి. పట్టు జారని బూట్లు, టార్చి, దోమతెర, దుప్పటి, వానకోటు, మీ రోజువారీ మందులు, స్టీలు కంచం, గ్లాసు, చిన్న నోట్లుగా మార్చిన డబ్బు చాలు. సిగ్నల్ అందని ఊళ్లో ఫోన్‌తో చెల్లింపు కుదరదు. మీరు తెచ్చిన ప్లాస్టిక్ కవరు ప్రతిదీ మీతోనే తిరిగి కిందికి రావాలి, ఎందుకంటే అక్కడ చెత్త తీసుకుపోయే బండి లేదు.

ఇంట్లో అడుగుపెట్టాక అన్నిటికంటే ముఖ్యమైనది మన మాట తీరు. మైదానం నుంచి వెళ్లిన చిన్న ఉద్యోగి కూడా కొండమీది పెద్ద మనిషిని ‘నువ్వు’, ‘ఒరే’ అనడం నేను ఎన్నోసార్లు విన్నాను. మీ తండ్రి వయసువాడిని ‘మీరు’ అనండి, ‘అయ్యా’ అని, ఇంటావిడను ‘అమ్మా’ అని పిలవండి. ఆ ఒక్క మాటతో మీ మీద వారికి కలిగే నమ్మకం ఏ కానుకతోనూ కలగదు. వారి భాషలో నీళ్లు, అన్నం, చాలు, బాగుంది, వెళ్లొస్తాను అనే మాటలు మొదటి సాయంత్రమే పిల్లలను అడిగి రాసుకోండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర తెగవారిని గురువులుగా చేసుకొని వారి భాష నేర్చుకున్నారు, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. అంత శ్రమ మనం పడలేకపోయినా, నేర్పేది వారు, నేర్చుకునేది మనం అన్న ఆ వరుసను మాత్రం పాటించగలం.

తిండి విషయంలో వారు తినేదే తినడం మంచిది. పొద్దున చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం అన్నంలోకి చిక్కుడో, ఆకుకూరో, కొండ దుంపలో ఉంటాయి. సంతలో పర్యాటకుల కోసం అమ్మే బొంగు చికెన్ రోజూ ఇంట్లో వండుకునే కూర కాదు. మీ కోసం కోడిని కోస్తామంటే ఒకసారికి ఒప్పుకోండి, రెండోసారి గట్టిగా వారించండి. కొత్త పంటకు ‘కొత్త’ పండుగ జరిపి దేవతకు పెట్టేదాకా ఎవరూ దాన్ని తినరు కాబట్టి చెట్టు మీద కాయ కనబడింది కదా అని కోసుకోవద్దు. జీలుగు చెట్టు కల్లు ఇస్తే, తాగనివారు రెండు చేతులతో అందుకొని పక్కవారికి అందిస్తే ఎవరూ నొచ్చుకోరు. మీరు మాత్రం సీసాలతో వెళ్లకండి. నీళ్లు ఊట నుంచో గెడ్డ నుంచో మోసుకొచ్చినవి. మరిగించుకొని తాగండి, స్నానానికి గెడ్డకే వెళ్లండి, వీలైతే రోజుకు ఒక బిందె మీరు మోయండి.

ఇక పని. మన్యంలో కాఫీ చెట్లు సిల్వర్ ఓక్ నీడలో పెరుగుతాయి, ఆ మానుల మీదికే మిరియాల తీగ పాకుతుంది. పండు కోయడం చూడడానికి తేలిక, చేయడానికి ఓపిక కావాలి. కొమ్మకు ఉన్న గుత్తిలో ఎర్రగా పండిన వాటినే వేళ్లతో మెలిపెట్టి ఒక్కొక్కటిగా తీయాలి. పచ్చివి వదిలేస్తే పది పదిహేను రోజులకు మళ్లీ కోతకు వస్తాయి, అందుకే ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్లవలసి ఉంటుంది. కొమ్మను పిడికిట పట్టి దూస్తే పచ్చికాయలు కలిసి సరుకు నాణ్యత పడిపోతుంది, వచ్చే ఏడు మొగ్గ తొడిగే కణుపులు కూడా దెబ్బతింటాయి. మొదటి రోజు ఇంటావిడ పక్కనే నిలబడి, ఆమె బుట్టలోకే కోయండి, మీ తప్పు ఆమె కంట వెంటనే పడుతుంది. కోసిన పండును ఆ రోజే తొక్క ఒలిపించాలి, లేకపోతే పులిసిపోతుంది. కడిగి ఆరబోసిన గింజలను పగలు మాటిమాటికీ తిరగదోయడం, సాయంత్రం మంచు దిగకముందే పోగుచేసి కప్పడం కొత్తవారు నిజంగా పనికివచ్చే చోటు, ఎందుకంటే దానికి నేర్పు కంటే మెలకువ ముఖ్యం. మిరియాల కోసం నిలువు నిచ్చెన ఎక్కే పని మాత్రం వారికే వదిలేయండి. మీరు పడితే మిమ్మల్ని డోలీలో మోయవలసింది వారే.

పిల్లలకు చదువు చెప్పాలని చాలామందికి ఉంటుంది. బడి ఉన్న వేళల్లో ఉపాధ్యాయుడి అనుమతితో, ఆయన చెప్పిన పాఠానికి తోడుగా మాత్రమే ఆ పని చేయాలి. నాలుగు రోజులు పాడించి, ఆడించి వెళ్లిపోయే కొత్త మనిషి వల్ల పిల్లలకు కలిగే మేలు తక్కువ. బిస్కెట్లు, పెన్నులు చేతికి పంచడం మానండి. నోటు పుస్తకాలు తెచ్చి ఉంటే బడికి అప్పగించండి. మందులు అసలే పంచవద్దు, ఆ పని వైద్యులకే వదలాలి. మీకు చేతనైన పని మరొకటి ఉంటుంది. ఆధార్, పింఛను, బ్యాంకు కాగితాలు వారు కోరితే చదివి అర్థం చెప్పడం, సంతకు తోడుగా వెళ్లి తూకం చూసుకోవడం. వారు అడిగినప్పుడే, అడిగినంతవరకే.

నడకలో ఇంటివారు ముందు, మీరు వెనుక. చెట్టు కింద పాతిన రాళ్లు ఊరి దేవతలు కావచ్చు, వాటి మీద కూర్చోవద్దు. గెడ్డ నీరు ఎర్రగా మారి, చెత్త కొట్టుకొస్తుంటే పైన వాన పడిందని అర్థం, అప్పుడు దాటకుండా ఆగాలి. రిజర్వు అడవిలో రాత్రి ఉండాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.

మన్యం జ్వరాన్ని తేలికగా తీసుకోవద్దు. ఇక్కడి మలేరియాలో మెదడుకు ఎక్కే ప్రాణాంతకమైన రకం కూడా ఉంది. గిడుగువారి వినికిడి దెబ్బతిన్నది కూడా ఈ కొండ జ్వరానికి వాడిన క్వినైన్ వల్లనే అంటారు. వెళ్లేముందు వైద్యుణ్ణి కలవండి, సాయంత్రమైతే నిండు చేతుల చొక్కా వేసుకోండి, దోమతెర లేకుండా పడుకోవద్దు. తిరిగి వచ్చాక రెండు మూడు వారాలకు జ్వరం వచ్చినా ఏజెన్సీకి వెళ్లివచ్చిన సంగతి వైద్యుడికి చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.

మరికొన్ని జాగ్రత్తలు. ఎవరు ఎంత బతిమాలినా వారి సంచిని కిందికి తీసుకురావడానికి ఒప్పుకోవద్దు. గంజాయి కోసం చెక్‌పోస్టుల్లో సోదాలు జరుగుతాయి. భూమి ధరలు అడగవద్దు. 1959 నాటి భూమి బదలాయింపు నిబంధనను 1970లో సవరించాక, జనం 1/70 అని పిలుచుకునే ఆ చట్టం ప్రకారం ఈ నేలను ఆదివాసీలు కానివారు కొనలేరు, అయినా నేలలు పోగొట్టుకున్న చరిత్ర ఉన్నచోట ఆ ప్రశ్న అనుమానాన్నే పుట్టిస్తుంది. ఫోటో తీయడానికి ప్రతిసారీ అడగండి. చెవులకు పెద్ద పోగులు, మెడకు కడియాలు ఉన్న ముసలమ్మ మీ ఎదుట మనిషిగా కూర్చుంది, వింత వస్తువుగా కాదు. కాదంటే కెమెరా లోపల పెట్టేయండి.

డబ్బు సంగతి మొదటి రోజే మధ్యవర్తి ఎదుట మాట్లాడుకోవాలి. ‘మీ ఇష్టం’ అంటే ఊరుకోవద్దు. దగ్గరలోని బసల్లో మనిషికి తిండికీ పడకకూ ఎంత తీసుకుంటారో కనుక్కొని, అంతకు తగ్గకుండా ఇవ్వండి. మీరు పని చేశారు కదా అని అందులోంచి తగ్గించుకోవద్దు. బయలుదేరే నాటి ఉదయం ఆ డబ్బును ఇంటావిడ చేతికే ఇవ్వండి. తీసిన ఫోటోలను కాగితం మీద అచ్చువేయించి, ఎవరు ఉన్న ఫోటో వారికి అందేలా వెనుక పేర్లు రాసి, ఊరికి వెళ్లే ఉపాధ్యాయుడి చేతో మరొకరి చేతో నెల తిరగకుండా పంపండి. పంపుతామని చెప్పి మరిచిపోయినవారి కోసం అక్కడ ఇంకా ఎదురుచూస్తున్న ఇళ్లు నాకు తెలుసు.