బృహద్ధమని సన్నబడిన చోట ఎమ్మారైతో పీడన తేడా కొలిచే ముందు జాగ్రత్తలు

ఎమ్మారై పీడనాన్ని నేరుగా కొలవదు, రక్తం వేగాన్ని కొలుస్తుంది. ఇరుకు దగ్గరి గరిష్ఠ వేగాన్ని (సెకనుకు మీటర్లలో) వర్గం చేసి 4తో గుణిస్తే పీడన తేడా మి.మీ. పాదరసంలో వస్తుంది. వేగం 3 అయితే తేడా 36. దాన్నే 2.5గా చదివితే 25కి పడిపోతుంది. అందుకే వేగం దగ్గర రాజీ పడొద్దు.

• పేస్‌మేకర్, శస్త్రచికిత్స క్లిప్పులు, స్టెంట్ (రక్తనాళాన్ని తెరిచి ఉంచే లోహపు జాలీ గొట్టం) వివరాలు ముందే చూడండి. స్టీల్ స్టెంట్ లోపల సిగ్నల్ పోతుంది, అక్కడ వచ్చే వేగం నమ్మదగ్గది కాదు.

• కుడి చేయి, కాలు బీపీ రాసుకోండి. ఎడమ చేయి వద్దు: దాని ధమని ఇరుకు పక్కనే పుడుతుంది, బీపీ తక్కువ చూపవచ్చు.

• ఈసీజీలో ఆర్-తరంగం (ప్రతి గుండె స్పందనలో వచ్చే నిటారు శిఖరం) స్పష్టంగా పడాలి; దాన్ని బట్టే ఎమ్మారై అనేక స్పందనల కొలతలను కలుపుతుంది. గుండె లయ తప్పుతుంటే గరిష్ఠ వేగం సగటులో కరిగిపోతుంది.

• వెంక్ (స్కాన్ సరిగా కొలవగల గరిష్ఠ వేగ పరిమితి) ఊహించిన వేగం కంటే నాలుగో వంతు ఎక్కువ పెట్టండి. తక్కువైతే వేగ చిత్రంలో ధార (ఇరుకు గుండా దూసుకొచ్చే రక్తం) నడుమ తెలుపు ఉన్నట్టుండి నలుపుగా తిరగబడుతుంది; పెంచి మళ్లీ తీయాల్సిందే. మరీ ఎక్కువైతే చిత్రంలో నాయిస్ (గరగర మచ్చలు) పెరుగుతుంది.

• స్లైస్ ధారకు నిట్టనిలువుగా కోయాలి. రెండు దిశల్లోనూ సరిచూడండి. 20 డిగ్రీలు వాలినా వేగం 6 శాతం, పీడనం సుమారు 12 శాతం తగ్గుతాయి.

• ఇరుకుకు ముందే వేగం సెకనుకు 1 మీటరు దాటితే, ఇరుకు దగ్గరి వేగం వర్గం నుంచి దాని వర్గాన్ని తీసేసి, ఆ తర్వాత 4తో గుణించాలి. ఇరుకు పొడవుగా ఉంటే ఈ సూత్రం చాలదు, రాపిడి నష్టం ఇందులో లేదు.