అతుకు కనిపించని ప్రింట్‌కి కాగితం, కట్టర్ చాలు

శ్రీకాళహస్తి కలంకారీ చూసి తామరలు, హంసలు బాగానే గీస్తాం. అదే బొమ్మ ఉన్న చదరపు గడిని గుడ్డంతా పక్కపక్కన పరిస్తే మాత్రం గడిగడికీ అతుకు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. తిరుపతిలో టెక్స్‌టైల్ డిజైన్ చదివే పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ఇది చేసి చూడండి.

16 సెం.మీ. చదరపు కాగితం నడుమ బొమ్మ వేయండి, ఏ అంచుకూ తగలకుండా. నిలువుగా సరిగ్గా 8 దగ్గర కోసి, ఎడమ ముక్క కుడికి, కుడిది ఎడమకు మార్చి వెనక టేపు వేయండి. తర్వాత అడ్డంగా 8 దగ్గర కోసి, పైది కిందికి, కిందది పైకి. బొమ్మ నాలుగు మూలలకూ చేరి నడుమ ఖాళీ మిగులుతుంది. అసలు పని ఇక్కడే. ఆ ఖాళీని తీగలు, మొగ్గలతో నింపండి, ఈసారీ అంచు ముట్టుకోవద్దు. కత్తెర వద్దు, స్టీలు స్కేలు పెట్టి కట్టర్‌తో కోయండి; మిల్లీమీటరు జరిగినా తీగ విరిగినట్టుంటుంది.

నాలుగు జిరాక్సులు తీయించి, తెల్ల అంచులు కత్తిరించి పక్కపక్కన పేర్చండి. నడుమ ఎక్కడైనా తెల్లటి దారిలా కనిపిస్తే అక్కడ ఇంకో ఆకు పడాలి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఈ గడి నేరు వరసలకే. పక్క వరసను గడిలో సగం మేర కిందికి జరిపితే అంచు మీది పువ్వులు కలవవు.