కోల్డ్ స్టోరేజీలో కూలింగ్ రావట్లేదా? గ్యాస్ నింపేముందు ఇవి చూడండి

మార్చి దాటిందంటే నల్గొండ, మిర్యాలగూడ, అటు జడ్చర్ల దాకా నాకొచ్చే ఫోన్లన్నీ ఒకటే మాట. "అన్నా, రూం టెంపరేచర్ దిగుతలేదు, గ్యాస్ అయిపోయినట్టుంది, ఒక సిలిండర్ పట్టుకొస్తవా?" అరె, అమ్మోనియా ఏమన్న డీజిలా కాలి అయిపోవడానికి? అది పైపుల్లోనే తిరుగుతుంటది, లీకై బయటికి పోతే తప్ప తగ్గదు, లీకైతే ఆ వాసనకు ముందు మీ వాచ్‌మెనే పరుగుపెడ్తడు. అందుకే సిలిండర్ మాట చివర్ల. నేను చెప్పేది మిర్చి, చింతపండు పెట్టే పెద్ద అమ్మోనియా ప్లాంట్ల సంగతి, ఫ్రియాన్ (ఇంకో రకం కూలింగ్ గ్యాస్) మీద నడిచే చిన్న రూములకు ఈ ప్రెషర్ లెక్కలు పనికిరావు.

ముందు ఒక మాట. గేజీలు చూసుడు, నీళ్లు చూసుడు, కడుగుడు, ఇవి ఓనరైనా చేసుకోవచ్చు. గ్యాస్ ఉన్న లైను విప్పే పని, ఆయిల్ తీసే పని మాత్రం చెయ్యి తిరిగిన ఆపరేటరే చెయ్యాలె, అది కూడా ఒక్కడే కాదు, పక్కన ఇంకో మనిషి ఉండాలె, అమ్మోనియా మాస్కు మెడలో ఉండాలె, గదిలో పెట్టి తాళం వేసి ఉంటే పనికిరాదు. కంట్లో పడితే ఆలోచించకుండా 15 నిమిషాలు నీళ్లతో కడుగుతనే ఉండాలె, తర్వాతనే హాస్పిటల్. లీకైతే గాలి ఎటు నుంచి వస్తుందో చూసి దానికి ఎదురుగ బయటికి రావాలె.

నిజంగనే కూలింగ్ లేదా, మీటర్ తప్పా?

నవ్వకండి, ఇది చాలాసార్లు జరిగింది. ఒక గ్లాసు నిండ ఐసు దంచి, కొంచెం నీళ్లు పోసి, సెన్సార్ దాంట్ల ముంచి ఐదు నిమిషాలు ఉంచండి. సున్నా దగ్గర చూపియ్యాలె. మూడు నాలుగు చూపిస్తే మీ రూం బాగానే ఉంది, మీటరే మార్చుకోండి. అట్లనే బస్తాలు గోడకు ఆనించి పైకప్పు దాకా పేర్చి ఉంటే గాలి తిరగదు, మధ్యలో సరుకు వేడిగనే ఉంటది, దానికి ప్లాంటును తిట్టి లాభం లేదు.

గేజీలు చదవండి

మిర్చి రూమును 4 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టుకుంటే కాయిల్లో (రూంలో చల్లదనం ఇచ్చే పైపుల్లో) గ్యాస్ సుమారు మైనస్ 5 దగ్గర మరగాలె, అంటే సక్షన్ గేజీ, అదే కంప్రెషర్ గ్యాస్‌ను లాక్కునే వైపు గేజీ, 37 పౌండ్ల దగ్గర ఉంటది (పౌండ్లు అంటే పీఎస్ఐ, ప్లాంటు మీద అందరం అట్లనే అంటం). డిశ్చార్జి వైపు, అంటే కంప్రెషర్ గ్యాస్‌ను నొక్కి బయటికి తోసే వైపు, 35 డిగ్రీల దగ్గర గ్యాస్ చల్లబడి లిక్విడ్ అయితే 180 పౌండ్లు, 40 దగ్గరైతే 210, 45 కు పోతే 240 దాటుతది. ఈ నాలుగు నంబర్లు గోడ మీద పెయింట్‌తో రాయించుకోండి, సగం మెకానిక్ పని అయిపోయినట్టే. డిశ్చార్జి పెరిగి సక్షన్ మామూలుగ ఉంటే రోగం కండెన్సర్ (పైన నీళ్లు పడి లోపలి గ్యాస్‌ను చల్లబరిచే పైపులు) దగ్గర, సక్షన్ పడిపోతే రోగం రూం లోపల, సక్షన్ పెరిగి డిశ్చార్జి దిగితే కంప్రెషర్ వాల్వ్ ప్లేట్లు అరిగినై అని అనుమానం.

డిశ్చార్జి ఎక్కువుంటే: నీళ్ల దగ్గరికి పొండి

మన దగ్గర పది కేసుల్ల ఏడెనిమిది ఇక్కడే దొరుకుతై అని నా అంచనా. నల్గొండ నీళ్లంటే అందరూ ఫ్లోరైడ్ అంటరు, కానీ పైపులకు పట్టే తెల్ల పెచ్చుకు కారణం ఫ్లోరైడ్ కాదు, నీళ్లల్ల ఉన్న కాల్షియం, మెగ్నీషియం, అదే మనం సున్నం నీళ్లు అంటమే అది. కండెన్సర్ మీద నీళ్లు కొంత ఆవిరై పోతై, సున్నం మాత్రం తొట్టిలోనే ఉంటది, మళ్లీ బోరు నీళ్లు పోస్తే ఇంకింత సున్నం చేరుతది, రోజురోజుకు చిక్కబడుతనే ఉంటది.

ఒక స్టోరేజీకి మే నెల ఒక రాత్రి పోయిన. అప్పటికే ఇంకెవరో వచ్చి రెండు సిలిండర్ల గ్యాస్ ఎక్కించి పోయిండు, గేజీ 240 దగ్గర వణుకుతున్నది, హెచ్‌పీ కటౌట్ (ప్రెషర్ ఎక్కువైతే మిషను ఆపే స్విచ్చి) కొట్టి మిషను పది నిమిషాలకోసారి ఆగిపోతుంది, రూం 11 డిగ్రీలు, ఓనరు బస్తాల దిక్కు చూసుకుంట కూసున్నడు. నేను టార్చి పట్టుకొని పైకెక్కి కండెన్సర్ మీది తొట్టి చూస్తే, నీళ్లు పడే రంధ్రాలల్ల సగం పాచి, సున్నంతో మూసుకుపోయినై. కింద పైపులు ఒక పక్క తడుస్తున్నై, ఇంకో పక్క చెయ్యి పెడితే సుర్రుమన్నది. ఇనుప పుల్లతో ఒక్కొక్క రంధ్రం పొడుసుకుంట పోయిన, గంటన్నర పట్టింది. నీళ్లు పైపు మీద పలచగ పరుచుకొని దిగుడు మొదలైనంక గేజీ మెల్లగ 205 కు వచ్చింది. ఎక్కువ ఎక్కించిన గ్యాస్ తర్వాత రిసీవర్ (లిక్విడ్ అమ్మోనియా నిలువ ఉండే ట్యాంకు) నుంచి ఖాళీ సిలిండర్లకు వెనక్కి తీసుడు ఇంకో పెద్ద పని, ఆ ఖర్చు ఓనరుకు అదనం.

కాబట్టి మీరూ చూడాల్సింది ఇది: పంపు ప్రెషర్‌తో కొడుతుందా, ఫుట్ వాల్వ్ (పంపు నీళ్లు లాగే పైపు చివర) జాలీకి చెత్త పట్టిందా, ప్రతి పైపూ తడుస్తుందా, ఫ్యాన్ బెల్టు జారుతుందా. పెచ్చు పలచగుంటే వైర్ బ్రష్షు చాలు. మందంగుంటే యాసిడ్ కడుగుడు, కానీ దుకాణంలో దొరికే యాసిడ్ నేరుగ పోసుడు వద్దు, జీఐ పైపైతే జింకు పూతను తింటది, దానికి లోపల ఇన్‌హిబిటర్ (లోహాన్ని తిననియ్యని మందు) కలిపిన డీస్కేలింగ్ మందులు ఉంటై, కడిగినంక సోడా యాష్ నీళ్లు పోసి మిగిలిన యాసిడ్‌కు విరుగుడు చెయ్యాలె. ఇదంతా వద్దనుకుంటే రోజూ తొట్టి నీళ్లు కొంత బయటికి వదులుకుంట కొత్త నీళ్లు పట్టండి, సాఫ్ట్‌నర్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

నీళ్లన్నీ బాగున్నా ప్రెషర్ దిగకపోతే లోపల గాలి చేరిందేమో. కంప్రెషర్ విప్పి సర్వీస్ చేసి, మూసినంక వ్యాక్యూం సరిగ్గ లాగకపోతే చేరుతది. కంప్రెషర్ ఆపి, కండెన్సర్ మీద నీళ్లు మాత్రం నడవనియ్యండి, పోయే నీళ్లు వచ్చే నీళ్లు ఒకే వేడికి వచ్చేదాక. నీళ్లు 30 డిగ్రీలుంటే గేజీ 155 దగ్గర ఆగాలె. 175 దగ్గర ఆగితే మిగిలినదంతా గాలి. ఆపరేటరు పర్జింగ్ వాల్వుకు (గాలి బయటికి వదిలే వాల్వు) గొట్టం పెట్టి బకెట్ నీళ్లల్ల ముంచి మెల్లగ తెరుస్తడు. గాలైతే బుడగలు బుడబుడ పైకొస్తై, అమ్మోనియా అయితే నీళ్లు దాన్ని మింగేస్తై, బుడగ పైకి రాదు, చిటచిట సప్పుడు వినిపిస్తది. ఆ సప్పుడు రాంగనే వాల్వు బందు జేసి, గొట్టం వెంటనే బయటికి తియ్యాలె, లేకుంటే నీళ్లు గొట్టంలకు ఎక్కుతై.

సక్షన్ తక్కువుంటే

కాయిల్ మీద మంచు గడ్డలు కట్టిందా చూడండి, కట్టితే డీఫ్రాస్ట్ చెయ్యండి. సుత్తెతో కొట్టి మంచు ఊడగొట్టేటోళ్లను చూసిన, ఒక్క దెబ్బ పైపుకు తగిలితే ఏమైతదో మీకే తెలుసు. మంచు లేకుంటే లిక్విడ్ లైను స్ట్రైనర్ (చెత్త ఆపే జాలీ) చూడాలె, తర్వాత కాయిల్లో చేరిన కంప్రెషర్ ఆయిల్. అమ్మోనియా కంటే ఆయిల్ బరువు, అందుకే అడుక్కు దిగి కూసుంటది, కాయిల్‌కు లోపల దుప్పటి కప్పినట్టయితది. కింద డ్రైన్ దగ్గర నుంచి తియ్యాలె, తీసేటప్పుడు ఆ వాల్వును వదిలి చాయ తాగడానికి పోవద్దు, మన దిక్కు ప్రమాదాలు ఎక్కువ ఇక్కడే.

ఇవన్నీ అయినంక కూడా రిసీవర్ లెవెల్ గ్లాసులో గ్యాస్ తక్కువ కనిపిస్తే అప్పుడు లీకు వెతకండి. గంధకం పుల్ల వెలిగించి జాయింట్ల దగ్గర తిప్పితే లీకున్న చోట తెల్ల పొగ వస్తది. కానీ వాసన ఎక్కువ కొడుతున్న గదిలో ఆ పుల్ల ముట్టించకండి, అమ్మోనియా గాలిలో 15 నుంచి 28 శాతం మధ్య కలిస్తే అంటుకుంటది, అక్కడ తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం నీలంగ మారుతదో లేదో చూడండి.

కంప్రెషర్ దగ్గర రెండు ముచ్చట్లు

ఆయిల్ గేజీ 65 చూపిస్తుంది కదా అని సంబరపడకండి, దాంట్ల సక్షన్ 37 తీసేస్తే మిగిలిన 28 యే అసలు ఆయిల్ ప్రెషర్, దాన్ని మీ మిషను బుక్కులో ఇచ్చిన అంకెతో పోల్చండి. ఇంకోటి, కంప్రెషర్ ఒళ్లంత మంచు పట్టి టక్ టక్ సప్పుడు వస్తుంటే లిక్విడ్ వెనక్కి వస్తుందన్నట్టు, వెంటనే మిషను ఆపి, లిక్విడ్ వాల్వు బందు జేసి, నాకు గాని మీ మెకానిక్‌కు గాని ఫోన్ కొట్టండి. "కొంచెంసేపు చూద్దాం" అని నడిపిస్తే ఆ టక్ టక్ పోయి కనెక్టింగ్ రాడ్ బయటికొస్తది.