లంబసింగి ఘాట్‌లో స్టీరింగ్ తేలిపోతుంటే

రోజూ సిమెంటు బస్తాలు మోసే మా డబుల్ క్యాబిన్ పికప్‌లోనే డిసెంబర్‌లో లంబసింగి బయల్దేరాం, టెంట్లతో సహా. తెల్లవారుజామున నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతుంటే స్టీరింగ్ తేలిపోతోంది. మలుపుల్లో బండి వెంటనే మాట వినడం లేదు. ఎదురొచ్చేవాళ్లేమో లైట్లు కళ్లలో కొడుతున్నాయని డిప్పర్ వేస్తున్నారు. లోపల పిల్లలు. ఒకటే టెన్షన్.

పక్కకు ఆపి టార్చి వేసి చూశాను. టైర్లలో గాలి బాగానే ఉంది, తొట్టి మాత్రం వెనక్కి కుంగింది. దింపడానికి వీలుగా ఉంటుందని 200 లీటర్ల నీళ్ల డ్రమ్మును వెనక డోరుకి ఆనించి పెట్టాను. అంటే 200 కిలోల బరువు వెనక ఇరుసుకు అవతల! దాంతో బండి ముందు భాగం పైకి లేచి లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొట్టాయి, ముందు చక్రాలు తేలికైపోయాయి. సిమెంటైతే తొట్టంతా సమంగా పరుచుకుంటుంది కాబట్టి ఈ తేడా నాకెప్పుడూ తెలియలేదు.

నీళ్లు సగానికి పైగా ఒంపేసి, డ్రమ్మును క్యాబిన్ గోడ దాకా జరిపి, నైలాన్ తాడు ఇంటూ గుర్తులా బిగించాను. మొదటి మలుపులోనే స్టీరింగ్ చేతికి బరువుగా తగిలింది.