రీఫ్ ట్యాంక్ ఓవర్‌ఫ్లో, రిటర్న్ పైపులు: సమస్య - పరిష్కారం

రీఫ్ ట్యాంకులో, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, పై అంచు దాటిన నీళ్లు ఓవర్‌ఫ్లో బాక్సులో పడి, డ్రెయిన్ పైపుల గుండా కింద ఉన్న సంప్ అనే చిన్న ట్యాంకులోకి దిగుతాయి. రిటర్న్ పంప్ వాటిని రిటర్న్ పైపు గుండా మళ్లీ పైకి తోస్తుంది. కరెంటు పోయినా, ఒక పైపు మూసుకుపోయినా ఇంట్లో నేల తడవకూడదు. పైపులు ఎలా బిగించినా ముందు ఈ సంగతి చూసుకోవాలి. చప్పుడు తగ్గించే ఉపాయం ఏదైనా ఈ భద్రతకు అడ్డొస్తే దాన్ని వదిలేయండి.

కరెంటు పోగానే సంప్ పొంగుతోంది

పంప్ ఆగాక ఓవర్‌ఫ్లో అంచు పైనున్న పలచటి నీటి పొర, పైపుల్లో మిగిలిన నీళ్లు ఎలాగూ కిందికి వస్తాయి. సంప్ పొంగేది మాత్రం ఎక్కువగా రిటర్న్ పైపు వల్లే. దాని మూతి ట్యాంకులో లోతుగా మునిగి ఉంటే, పంప్ ఆగిన క్షణం నుంచి అదే పైపు వెనక్కి సైఫన్ అవుతుంది, అంటే పంప్ లేకుండానే నీళ్లు దాని గుండా కిందికి జారతాయి. మూతికి గాలి తగిలేదాకా ట్యాంకు నీళ్లను లాగుతూనే ఉంటుంది.

లెక్క వేసి చూడండి. 120 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పు ఉన్న ట్యాంకులో మట్టం 1 సెం.మీ. తగ్గితే 7.2 లీటర్లు కిందికి వచ్చినట్టు. మూతి 5 సెం.మీ. లోతులో ఉంటే 36 లీటర్లు. సంప్ 90 x 40 సెం.మీ. అయితే అందులో నీళ్లు దాదాపు 10 సెం.మీ. పెరుగుతాయి. అంత ఖాళీ వదిలిన సంప్‌లు తక్కువ.

రిటర్న్ మూతిని నీటి మట్టానికి ఒకటి రెండు సెం.మీ. కిందే ఉంచండి. పైపుకు మట్టం దగ్గర చిన్న రంధ్రం వేస్తే గాలి దూరి సైఫన్ తెగుతుంది, కానీ నాచు పట్టి ఆ రంధ్రం మూసుకుపోతుంది. అందుకని రంధ్రం ఉన్నా మూతి మట్టానికి దగ్గరగానే ఉండాలి. చెక్ వాల్వ్ (నీళ్లను ఒక వైపే పోనిచ్చేది) మీద భారం వేయకండి. చిన్న నత్త గానీ ఇసుక రేణువు గానీ ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోదు. పంప్ ఆపి, నీళ్లు దిగడం ఆగాక సంప్ అంచు దాకా ఇంకా ఖాళీ మిగలాలి. అలా మిగిలిందని చూసుకున్నాక, పంప్ నడుస్తున్నప్పుడు సంప్‌లో మట్టం ఎక్కడుందో అక్కడ మార్కర్‌తో గీత పెట్టండి. ఆ గీత దాటి నీళ్లు పోయకండి.

కరెంటు వచ్చాక ట్యాంకే పొంగుతోంది

ఇక్కడ డ్రెయిన్‌లో సైఫన్ మళ్లీ మొదలవట్లేదు. పైపులో చిక్కిన గాలి బయటికి పోలేక నీళ్లకు అడ్డుపడుతోంది. డ్రెయిన్ కింది మూతి సంప్ నీళ్లలో బాగా లోతుగా ఉండటం దీనికి ముఖ్య కారణం. పంప్ ఆగి ఉన్నప్పుడు సంప్ మట్టం పెరిగి ఉంటుంది కాబట్టి, మళ్లీ మొదలయ్యే సమయానికి ఆ మూతి మామూలు కంటే ఎక్కువ లోతులో ఉంటుంది. మామూలు మట్టానికి 2, 3 సెం.మీ. కిందికి వచ్చేలా పైపు కోయండి. అడ్డంగా పోయే పైపు ఉంటే వాలు తప్పనిసరి, ఎందుకంటే సమతలంగా ఉన్న చోట గాలి నిలిచిపోతుంది.

ట్యాంకుకు రంధ్రం వేయకుండా, అంచు మీదుగా వంచిన యూ ట్యూబుతో తగిలించే ఓవర్‌ఫ్లో బాక్సులంటే నాకు భయమే. ప్రవాహం తక్కువైతే ట్యూబు పైభాగంలో బుడగలు పోగై సైఫన్ తెగుతుంది, పంప్ మాత్రం పోస్తూనే ఉంటుంది. వీలైతే రంధ్రం వేయించిన ట్యాంకే తీసుకోండి. ఉన్న ట్యాంకుకు వేయించాలంటే ముందు అది టెంపర్డ్ (వేడి చేసి గట్టిపరచిన) గ్లాసు కాదని తేల్చుకోండి. టెంపర్డ్ అయితే డ్రిల్ తగలగానే ముక్కలైపోతుంది.

ఏ డిజైన్ అయినా ఒక పరీక్ష చేసి తీరాలి. డ్రెయిన్లన్నీ మూసేసి పంప్ వేయండి. రిటర్న్ గదిలో (సంప్‌లో రిటర్న్ పంప్ ఉండే భాగం) నీళ్లు అయిపోయి పంప్ గాలి పీల్చేదాకా ట్యాంకు పొంగకూడదు. పొంగేలా ఉంటే వెంటనే ఆపి, రిటర్న్ గదిని చిన్నది చేయండి, లేదా అందులో మట్టం తగ్గించండి.

గుడగుడ చప్పుడు, మట్టం పైకీ కిందికీ ఊగడం

ఒకే పైపుతో నడిచే డర్సో పద్ధతిలో ఇది మామూలు. మట్టం పెరిగి, టాయిలెట్ ఫ్లష్ చేసినట్టు ఒక్కసారిగా దిగిపోయి, మళ్లీ పెరుగుతుంటే డ్రెయిన్ పైపు పైమూతకున్న గాలి రంధ్రం చిన్నదని అర్థం. కొంచెం కొంచెంగా పెద్దది చేయండి. ఒకేసారి పెద్దది చేస్తే బాక్సులో మట్టం దిగిపోయి నీళ్లు పడే చప్పుడు మొదలవుతుంది.

నిజంగా నిశ్శబ్దం కావాలంటే రెండు పైపుల హెర్బీ, మూడు పైపుల బీన్‌యానిమల్ పద్ధతులే మంచివి. రెంటిలోనూ ఒక పైపు గాలి లేకుండా పూర్తి సైఫన్‌గా నడుస్తుంది, దానికి వాల్వ్ ఉంటుంది. పంప్ పూర్తిగా వేసి వాల్వ్‌ను నెమ్మదిగా మూస్తూ రండి. తిప్పిన ప్రతిసారీ మట్టం కుదురుకునేదాకా ఆగండి. రెండో పైపులోకి సన్నటి ధార పడే దగ్గర ఆపేయండి. బీన్‌యానిమల్‌లో మూడో పైపు పొడిగా ఉండాలి. ఆఖరి రక్షణగా పెట్టిన ఎమర్జెన్సీ పైపుకు మాత్రం ఎప్పుడూ వాల్వ్ బిగించకండి.

ఈ ట్యూనింగ్‌కు బాల్ వాల్వ్ సరిపోదు. కాస్త కదిపితే చాలు, ప్రవాహం చాలా మారిపోతుంది. గేట్ వాల్వ్ కావాలి, అదీ ప్లాస్టిక్‌ది. హార్డ్‌వేర్ షాపులో గేట్ వాల్వ్ అడిగితే ఎక్కువగా ఇత్తడిదే చేతికిస్తారు. ఇత్తడిలో రాగి ఉంటుంది, రాగి కోరల్స్‌కూ రొయ్యలకూ నత్తలకూ విషం. ప్లాస్టిక్‌ది దొరకడం ఆలస్యమైతే ఆగండి గానీ ఇత్తడి మాత్రం పెట్టకండి.

బాగా కుదిరిన మట్టం కొన్ని వారాలకు తప్పితే వాల్వ్ తిప్పేముందు పైపులో నత్త ఇరుక్కుందేమో, ఓవర్‌ఫ్లో అంచున దువ్వెనలా ఉండే పళ్లకు నాచు పట్టిందేమో, పంప్ బలం తగ్గిందేమో చూడండి.

ట్యాంకంతా సన్నటి బుడగలు

ముందు రిటర్న్ గదిలో మట్టం చూడండి. ఆవిరైన నీటి లోటంతా ఆ గదిలోనే కనపడుతుంది. మట్టం దిగితే పంప్ గాలి లాగుతుంది. అప్పుడు ఉప్పు నీళ్లు కాదు, ఆర్వో నీళ్లు పోయాలి. మట్టం సరిగ్గా ఉంటే డ్రెయిన్ మూతి నీటి పైన ఉండి ధార కొడుతోందేమో చూసి, మునిగేలా సరిచేయండి. పంప్ సంప్ బయట ఉంటే, దానిలోకి నీళ్లు వచ్చే వైపు యూనియన్ (విప్పి మళ్లీ బిగించగల జాయింట్) వదులైనా గాలి దూరుతుంది. అక్కడ నీళ్లు కారవు కాబట్టి చాలామంది దాన్ని అనుమానించరు.

రిటర్న్ ధార బలహీనం

పంప్ డబ్బా మీద రాసే లీటర్లు ఎత్తు లేనప్పటివి. సంప్ నుంచి పైకి ఎక్కే కొద్దీ, ఎల్బోలు పెరిగే కొద్దీ ప్రవాహం తగ్గుతుంది. వీలైన చోట 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45 డిగ్రీలవి వాడండి. పంప్ మూతి కంటే సన్నటి పైపు వేయకండి. మొదట్లో బాగుండి తర్వాత తగ్గితే ఇంపెల్లర్‌కు (పంప్‌లో తిరిగే రెక్కల చక్రం) సున్నం పట్టింది. పంప్ విప్పి వెనిగర్‌లో నానబెట్టి, బ్రష్‌తో తోమి, మంచినీళ్లతో కడగండి.

అతుకుల దగ్గర తెల్లటి ఉప్పు

చుక్క కనపడకపోయినా అక్కడ ఊట ఉంది. పైపు కోసం గ్లాసు రంధ్రంలో బిగించే బల్క్‌హెడ్ ఫిట్టింగ్ దగ్గరైతే వాషర్ ఎటు ఉందో చూడండి. అది నట్టు వైపు కాదు, వెడల్పు అంచు వైపు ఉండాలి. చేత్తో బిగించి, ఇంకో పావు చుట్టు తిప్పితే చాలు. రెంచ్‌తో బలంగా బిగిస్తే వాషర్ నలుగుతుంది, గ్లాసూ పగలొచ్చు. టెఫ్లాన్ టేప్ మరలున్న పైపు జాయింట్లకే, ఆ నట్టుకు కాదు. సాల్వెంట్ సిమెంట్‌తో అతికించిన జాయింట్ కారుతుంటే పైపూత పనిచేయదు, కోసి కొత్తది వేయాల్సిందే. అందుకే పంప్ దగ్గరా ప్రతి డ్రెయిన్‌కూ యూనియన్ పెట్టుకుంటే, పాడైన ముక్క వరకే విప్పి మార్చవచ్చు. సిమెంట్ డబ్బా మీద చెప్పినంత సేపు ఆరనిచ్చి, ఉప్పు కలపకముందే ఒక రోజు మంచినీళ్లతో నడపండి. అతుకుల కింద పొడి టిష్యూ పేపర్ పరిచి ఉంచితే ఏ జాయింట్ కారుతోందో దాని మీదే తెలిసిపోతుంది.