పాత డాడ్జ్ కొంటున్నరా? ఇంజన్ ఆఖరుకు చూడుండ్రి

పాత అమెరికా కారు బేరానికి పోయినోళ్లు ముందుగాల బానెట్ లేపుతరు. ఇంజన్ తిరుగుతదా, జామ్ అయిందా అని అడుగుతరు. నేనైతే ఆ ముచ్చట ఆఖరుకు తీస్త. ఇంజన్ అంటే నల్లగొండల బాగైతది. గ్రిల్లు, ముందటి అద్దం, డోర్ హ్యాండిలు లేకుంటే హైదరాబాద్‌ల తిరిగినా దొరకయి.

నాది క్లాక్ టవర్ కాడ మోటర్ వైండింగ్ దుకాణం. బోరు మోటర్లు చుట్టుడు బతుకుదెరువు, 1954 డాడ్జ్ కింగ్స్‌వే నా పిచ్చి. మిర్యాలగూడ దిక్కు ఒక రైసుమిల్లు గోదాంల ఊక బస్తాల ఎనుక దొరికింది. కింద చెప్పేదంత ఆ బండి మీద, తెలిసినోళ్ల బండ్ల మీద చెయ్యి పెట్టి నేర్చుకున్నదే.

మన దేశంల దొరికే అమెరికా బండ్లు చానా మట్టుకు బొంబాయిల కూర్చినవే. జనరల్ మోటార్స్ 1928ల షెవర్లేలు కూర్చుడు మొదలుపెట్టి 1954ల బంద్ చేసింది. ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1947 నుంచి కుర్లాల క్రైస్లర్ వాళ్ల డాడ్జ్, ప్లిమత్, డిసోటో కూర్చింది. కొత్తగ ఈ పనిలకు దిగేటోళ్లకు నేను క్రైస్లర్ బండే చెప్త. ఎందుకంటే ఆ ఫ్లాట్‌హెడ్ (వాల్వులు హెడ్డుల కాకుండ బ్లాకులనే ఉండే) ఆరు సిలిండర్ల ఇంజన్ ప్లిమత్ కార్లల్ల 1959 దాకా నడిచింది, లారీలల్ల, జనరేటర్లల్ల ఇంకా తర్వాత దాకా ఉండె. అందుకే గాస్కెట్లు, వాటర్ పంపులు, వీల్ సిలిండర్లు అమెరికా నుంచి ఇయ్యాల గూడ తెప్పించుకోవచ్చు. షెవర్లే అయితే జర ఆగి ఆలోచించుండ్రి. పాత 216 క్యూబిక్ ఇంచుల ఇంజన్ల రాడ్డు బేరింగులు బ్యాబిట్ అనే మెత్తటి లోహం కరిగించి పోసినవి. ఆ పోత పోసే చెయ్యి తెలిసిన ముసలి మిస్త్రీ దొరికితెనే దాని జోలికి పోవాలె.

పైసలు తియ్యకముందే కాగితాలు. 2021ల కేంద్రం పాత బండ్లకు వేరే రిజిస్ట్రేషన్ రూలు తెచ్చింది. యాభై ఏండ్లు దాటిన బండికి 'వీఏ' సిరీస్ నంబరు ఇస్తరు. కొత్తగ చేయించుకుంటె ఫీజు 20,000 రూపాయలు, పదేండ్లకు చెల్లుతది, తర్వాత మల్ల చేయించుకుంటె 5,000. రోజూ తిరిగేతందుకు కాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోల్‌కు తోలుకోవచ్చు. అసలు మెలిక ఇంకోటి: ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగ మార్చి ఉండొద్దు. పెట్రోల్ ఖర్చుకు తాళలేక ఒకప్పుడు చానామంది ఈ కార్లల్ల డీజిల్ ఇంజన్లు ఎక్కించిన్రు. "మైలేజ్ మస్తుగ ఇస్తది సార్" అని అమ్మేటోడు గొప్పగ చెప్తడు. అసలు ఇంజన్ మూలకు పడి ఉందా అని అడుగుండ్రి. లేదంటె ఆ బండి లెక్క వేరు, ధర సగానికి మాట్లాడాలె.

ఇంజన్ నంబరు బ్లాకు ఎడమ దిక్కు, ముందటి భాగంల, డైనమో మీద చిన్న చదును జాగల కొట్టి ఉంటది. కిరోసిన్ గుడ్డతోని తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తోని రుద్దితె అచ్చు పడతది. దాన్ని ఆర్సీ పక్కన పెట్టి చూడుండ్రి. చేతిల టేపు ఉంటె హెడ్డు పొడుగు గూడ కొలువుండ్రి. డెట్రాయిట్ ప్లిమత్, డాడ్జ్ హెడ్డు 23 ఇంచులు, డిసోటో, క్రైస్లర్‌లది, కెనడాల చేసినయి 25 ఇంచులు. గాస్కెట్ ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఈ రెండించుల కాడనే పైసలు మునుగుతయి.

తర్వాత రేకు. జేబుల ఒక అయస్కాంతం, సన్నటి బట్టల చుట్టి పెట్టుకోవాలె. డోర్ల కింది అంచు, మెట్టు కింద, ఎనుక మడ్‌గార్డు చక్రం చుట్టు, డిక్కీ అడుగు, ఈ నాలుగు జాగల్ల ఆనిచ్చి చూడుండ్రి. అంటుకోకుంటె అక్కడ పుట్టీ. కొంచెం పుట్టీ అయితే పర్వాలేదు, టింకరింగ్ చేసేటోళ్లు మన కాడ మంచోళ్లే ఉన్నరు. ఛాసిస్ బీము సుత్తి చివరతోని కొడితె ఖంగుమనాలె, బొదబొద అంటె బయటికి నడువుండ్రి. 1952 దాకా వచ్చిన బండ్లకు ముందటి అద్దం రెండు ముక్కలు, సాపుగ ఉంటది, లామినేటెడ్ అద్దం కోయించి పెట్టించుకోవచ్చు. నా బండి ఏడాదిది ఒకే ముక్క, వంపు తిరిగిన అద్దం. అది పగిలి ఉంటె బేరం అక్కడనే ఆపాలె.

ఇగ ఇంజన్. జామ్ అయి ఉంటె తాడు కట్టి ట్రాక్టర్‌తోని గుంజొద్దు, రింగులు ఇరుగుతయి, పిస్టన్ పగులుతది. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్ల ఇంజన్ ఆయిలు, డీజిలు సగం సగం పోసి కొన్ని దినాలు ఇడిసిపెట్టుండ్రి. తర్వాత చేతితోని ముందుకు ఎనుకకు జర జర కదిలియ్యాలె. తిరిగే ఇంజన్ అయితే కంప్రెషన్ గేజీ పెట్టుండ్రి. ఆరు సిలిండర్లు వంద పౌండ్ల చుట్టుపక్కల, ఒకదానికొకటి దగ్గర దగ్గరగ ఉంటె ఇంజన్ కొట్టుకపోనట్టే. ఒకటి పడిపోతె అందుల చెంచాడు ఆయిలు పోసి మల్ల చూడుండ్రి. రీడింగు లేస్తె రింగులు అరిగినయి, లేవకుంటె వాల్వు కాలింది. రెండూ బోరింగ్ షాపుల అయ్యే పనులే.

ఈ ఇంజన్ల అసలు దొంగ ఇంకోటి ఉంది. వాటర్ పంపు ఎనుక, బ్లాకు లోపట ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక చపట గొట్టం ఉంటది. దానికి తూట్లు ఉంటయి, ఒక్కో వాల్వు సీటు కాడికి నీళ్లు పంచేది అదే. అది తుప్పుతోని తిన్నదంటె నీళ్లు ముందటి సిలిండర్ల కాడనే తిరిగి ఎల్లిపోతయి, ఎనుక ఐదో, ఆరో సిలిండర్ల వాల్వులు కాలుతయి. వాల్వులు మార్చి, మల్ల కాలి, మల్ల మార్చిన బండ్లు నాకు తెలుసు. రేడియేటర్, పంపు ఇప్పి, సన్నటి సలాక కొసన కొక్కెం వంచి గొట్టం గుంజాలె. సగంల తెగి వస్తది, ఓపిక పట్టి ముక్కలన్ని తియ్యాలె. కొత్తది ఇత్తడి రేకుతోని చేయించుకోవచ్చు, పాత తూట్ల కొలత, దిక్కు తప్పొద్దు. అదే ఊపుల బ్లాకు పక్కన వెల్ష్ ప్లగ్గులు (తూట్లకు కొట్టిన గుండ్రటి రేకు మూతలు) పీకి లోపట బురద గెలకాలె. నా బండిల నుంచి తీసింది ఎర్రగ, గట్టిగ, సంకటి ముద్ద లెక్క ఉండె.

మన జిల్లా నీళ్లల్ల ఫ్లోరైడు సంగతి లోకమంత ఎరికే. రేడియేటర్‌ను చంపేది మాత్రం బోరు నీళ్లల్ల ఉండే సున్నం. ఎండకాలం నలభై నాలుగు డిగ్రీలల్ల సన్నటి ట్యూబులు పూడుకపోయిన రేడియేటర్‌తోని చిట్యాల దాటకముందే ఆవిరి లేస్తది. బ్యాటరీ దుకాణంల డిస్టిల్డ్ వాటర్, దానికి తోడు కూలెంట్, అంతే. దారిల హోటల్ కాడ బకెట్ నీళ్లు పొయ్యొద్దు.

కరెంటు నా పని గనుక జర ఎక్కువనే చెప్త. ఈ బండి ఆరు వోల్టులది, పైగ పాజిటివ్ ఎర్త్, అంటె బ్యాటరీ పాజిటివ్ పిన్ను ఛాసిస్‌కు కలిపి ఉంటది. "సెల్ఫ్ నెమ్మదిగ తిరుగుతుంది, పన్నెండు వోల్టులకు మార్చు" అని ప్రతి ఎలక్ట్రీషియన్ అంటడు. మార్చే పని లేదు. వోల్టు సగమైతె అదే పనికి ఆంపియర్లు రెట్టింపు పారాలె, మారుతి కారు కేబులు అందుకు చాలదు. వెల్డింగ్ మిషన్‌కు వాడే 70 స్క్వేర్ ఎం.ఎం. రాగి కేబులు తెచ్చి, లగ్గులు ప్రెస్సుల నొక్కించి వేసుకోండ్రి. ఇంజన్‌కు ఛాసిస్‌కు నడుమ ఎర్త్ పట్టీ గూడ అంతే మందం ఉండాలె, పెయింట్ గీకి బిగించాలె. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ పిన్నుకు, సెల్ఫ్ బోల్టుకు నడుమ మీటరు పెట్టుండ్రి. అర వోల్టు చూపిస్తె కేబుల్ల కాడనే అంత పోతున్నట్టు.

పాజిటివ్ ఎర్త్ బండిల కాయిల్ పాజిటివ్ పిన్ను డిస్ట్రిబ్యూటర్ దిక్కు పోవాలె. ఉల్టా ఉంటె బండి నడుస్తది గని నిప్పు బలంగ పడదు. బ్యాటరీ తీసి పెట్టినంక, డైనమో ఇప్పి బిగించినంక, స్టార్ట్ చెయ్యకముందు రెగ్యులేటర్ మీద బ్యాటరీ పిన్నును, ఆర్మేచర్ పిన్నును చిన్న వైరుతోని ఒక్క క్షణం కలపాలె. ఆటోలైట్ కంపెనీ డైనమోకు ఇదే పద్ధతి, ఫోర్డ్ డైనమోకు మాత్రం ఇట్ల చెయ్యొద్దు. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల గ్యాపు ఇరవై తౌ (తౌ అంటె ఇంచుల వెయ్యో వంతు). వాల్వు గ్యాపు ఇంజన్ వేడి మీద ఇన్‌టేక్‌కు ఎనిమిది, ఎగ్జాస్ట్‌కు పది తౌ. అన్ని ఇంచు పానాలే వాడాలె. అర ఇంచు తలకాయ బోల్టుకు పదమూడు నంబర్ పానా పట్టినట్టే ఉంటది, తర్వాత మూలలు అరిగి గుండ్రమైతది.

చక్రాలు ఇప్పేటప్పుడు ఎడమ దిక్కు బోల్టులు ఉల్టా చుట్లవి. బోల్టు తలకాయ మీద చానాసార్లు 'ఎల్' అని ఉంటది. తెలియని పంక్చర్ షాపాయన పైపు పెట్టి గుంజి తెంపేస్తడు, దగ్గర నిలవడి చేయించుండ్రి. ఎనుక బ్రేకు డ్రమ్ము ఆక్సిల్ సూదిగ చెక్కిన కొస మీద కూసుంటది, జారకుంట నడుమ ఒక చిన్న ఇనుప కీ ఉంటది. మా లేతు చాచా ఒకటే మాట అంటడు: "పుల్లర్ లేకుంటె ఆ డ్రమ్ము ముట్టకు భాయ్." సుత్తితోని ఆక్సిల్ కొస మీద కొడితె దెబ్బ లోపటి బేరింగుకు తగుల్తది. బ్రేకు ఆయిలు ఒకే దారి, ఒక్క రబ్బరు పైపు పగిలితె నాలుగు చక్రాలకు బ్రేకు ఉండదు. పైపులన్ని ఒక్కసారే మార్చాలె. హ్యాండ్ బ్రేకు గేర్‌బాక్సు తోకకు ఉంటది, నిలవడ్డ బండిని పట్టుకునేతందుకే అది.

ఇప్పటి పెట్రోల్ల ఇథనాల్ కలుస్తుంది. పెట్రోల్ పంపుల పాత రబ్బరు డయాఫ్రమ్‌ను, పైపులను తింటది, ట్యాంకుల తేమ పట్టి తుప్పు పడతది. ఇథనాల్‌కు ఆగే రబ్బరుతోని మార్చుండ్రి. నెలల తరబడి తోలకుంటె ట్యాంకు ఖాళీ చెయ్యాలె.

మొదటిసారి రోడ్డెక్కిచ్చినప్పుడు హైవే ఎక్కొద్దు. పొద్దుగాల చల్లపూట పానగల్లు దిక్కు కొంచెం దూరం పోయి ఆపుండ్రి. నాలుగు డ్రమ్ముల మీద నీళ్ల చుక్కలు చల్లి చూడుండ్రి. ఒక్కదాని మీదనే సుర్రుమంటె ఆ చక్రం బ్రేకు పట్టుకున్నట్టు, ఇంటికొచ్చి షూ గ్యాపు ఇడవాలె.