హైదరాబాద్ ఎండలో నైట్రస్ కిట్: లక్షణం, కారణం, పరిష్కారం

నైట్రస్ కిట్ అంటే ఇంజన్‌లోకి నైట్రస్ ఆక్సైడ్ వాయువు పంపి కాసేపు బలం పెంచే సరంజామా. కొత్తగా బిగించిన కిట్ మొరాయిస్తే మన షెడ్లలో ముందు అనుమానం జెట్టు (ప్రవాహాన్ని కొలిచి వదిలే చిన్న రంధ్రపు ముక్క) మీదకే పోతుంది. జెట్టు విప్పేముందు బాటిల్ ప్రెషర్ గేజి చూడండి. కిట్‌తో వచ్చే మాన్యువళ్లు ఎక్కువగా చలిదేశాల్లో రాసినవి కాబట్టి బాటిల్ చల్లబడుతుందనే భయమే వాటిలో కనబడుతుంది, హీటరు పెట్టుకోమంటాయి. మార్చి నుంచి జూన్ దాకా ఇక్కడి తంటా సరిగ్గా దానికి తలకిందులు.

కింద రాసినదంతా టర్బో లేని, రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల ఇంజన్‌కి వెట్ కిట్‌తో, అంటే అదనపు పెట్రోల్‌ని కూడా నాజిల్ నుంచే పంపే కిట్‌తో, 50 హార్స్‌పవర్ షాట్, అంటే నైట్రస్‌తో అంత అదనపు బలం, వేసినప్పటి సంగతి. లోపల ముట్టుకోని ఇంజన్‌కి అంతకు మించి ఆశపడొద్దు. పైగా కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఇది ట్రెయిలర్ మీద చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి వెళ్లే బండి వ్యవహారం. అర్ధరాత్రి ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద చూసుకునే సరదా కాదు.

లక్షణం: బటన్ నొక్కగానే బండి పడుకుంటోంది, సైలెన్సర్‌లో నల్లపొగ

పెట్రోల్ వెళ్తోంది, నైట్రస్ చాలడం లేదు. దీనికి రెండు కారణాలు, రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

మొదటిది బాటిల్‌లో ప్రెషర్ తక్కువ కావడం. లోపల ద్రవం ఉన్నంతసేపూ ప్రెషర్‌ని నిర్ణయించేది ఉష్ణోగ్రతే. సుమారుగా 16 డిగ్రీల దగ్గర 675 పీఎస్ఐ, 21 దగ్గర 760, 27 దగ్గర 865, 32 దగ్గర 985. కిట్‌కి కావలసింది 900 నుంచి 950, అంటే బాటిల్ 30 డిగ్రీల అటూ ఇటూ ఉండాలి. డిసెంబర్ పొద్దున్నే అయితే హీటరు వేసుకోవచ్చు, కాకపోతే 950 దగ్గర దానంతటదే ఆగే ప్రెషర్ స్విచ్ ఉన్నదే వాడాలి. వెల్డింగ్ టార్చ్‌తో బాటిల్‌ని కాచే పని ఎవరు చేసినా అక్కడ నిలబడకండి. ఉష్ణోగ్రత బాగానే ఉన్నా ప్రెషర్ లేదంటే బాటిల్ అయిపోవచ్చింది, తూచి చూడండి.

రెండోది మన ఊరి కారణం, ప్రెషర్ మరీ ఎక్కువ కావడం. సోలనాయిడ్ అంటే కరెంటుతో తెరుచుకునే వాల్వ్, దాని లోపలి ప్లంజర్ (కదిలే కడ్డీ) ఆ ఒత్తిడికి ఎదురు లేవాలి. గేజి 1100 దాటాక చాలా సోలనాయిడ్ల కాయిల్‌కి ఆ బలం చాలదు. పెట్రోల్ సోలనాయిడ్ తెరుచుకుంటుంది, నైట్రస్‌ది మూసుకునే ఉంటుంది. పైకి లక్షణం అచ్చం ఖాళీ బాటిల్‌లాగే ఉంటుంది. గేజి చూడకుండా హీటరు వేసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

నైట్రస్ ఆక్సైడ్‌కి 36.4 డిగ్రీలు హద్దు. అది దాటాక బాటిల్‌లో ద్రవం, ఆవిరి అన్న తేడా ఉండదు, పైన చెప్పిన లెక్క పనిచేయదు, నిండా నింపిన బాటిల్‌లో ప్రెషర్ గబగబా ఎగబాకుతుంది. మే నెలలో ఎండన నిలబెట్టిన బండి డిక్కీ ఆ హద్దుని ఇట్టే దాటేస్తుంది. అందుకని బాటిల్‌ని నీడలో ఉంచి, తడి తువ్వాలు చుట్టి, అవసరమైతే మంచునీళ్లు పోస్తూ గేజిని 950కి దించి అప్పుడు వాల్వ్ తెరవండి. వాల్వ్ మెల్లగా తిప్పాలి. ఒక్కసారిగా తెరిస్తే లైన్‌లో గ్యాస్ నొక్కుకుని వేడెక్కుతుంది. ఫిట్టింగుల్లో నూనె, గ్రీజు మరక కూడా ఉండకూడదు.

లక్షణం: ఫుల్ థ్రాటిల్‌లో టకటకమని నాకింగ్, ప్లగ్ పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు

మిశ్రమం లీన్ అయింది, అంటే పెట్రోల్ చాలలేదు. చుక్కల్లో వెండిరంగు మెరిస్తే అది పిస్టన్ నుంచి వచ్చిన అల్యూమినియం, ఆ రోజుకి ఆపేయండి. నైట్రస్ తనంతట తాను మండదు. దాని బరువులో 36 శాతం ఆక్సిజన్, సిలిండర్ వేడికి అది విడిపోతుంది. ఆ ఆక్సిజన్‌కి సరిపడా పెట్రోల్ లేకపోతే పిస్టన్ కరుగుతుంది.

బాటిల్ ప్రెషర్ 950 దాటితే అదే జెట్టులోంచి నైట్రస్ ఎక్కువ పోతుంది, పెట్రోల్ మాత్రం పెరగదు. అది సరిగా ఉంటే ఫ్యూయల్ రైలుకి గేజి కట్టి, షాట్ వేసినప్పుడు చూడండి. రెండు మూడు పీఎస్ఐ కంటే ఎక్కువ పడిందంటే ఫిల్టరు పూడుకుంది, లేదా పంపుకి సత్తువ లేదు. పెట్రోల్ ప్రెషర్ పడిపోతే నైట్రస్‌ని కట్ చేసే సేఫ్టీ స్విచ్ ఉండితీరాలి. డబ్బు మిగుల్చుకోవడానికి వదిలేసే భాగం అది కాదు.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. కిట్‌లో ఇచ్చిన పెట్రోల్ జెట్టు ఇథనాల్ కలవని పెట్రోల్ లెక్కది. పూర్తిగా మండడానికి మామూలు పెట్రోల్‌కి 14.7 పాళ్ల గాలి అయితే ఈ20కి సుమారు 13.5 పాళ్లు, అంటే ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం కావాలి. ఇంజన్ తన ఇంజెక్టర్ల లెక్క తాను సరిచేసుకుంటుంది గానీ నైట్రస్ నాజిల్‌లోంచి వచ్చే పెట్రోల్ ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) చేతిలో లేదు. జెట్టు రంధ్రం వ్యాసం నాలుగు శాతం పెంచితే సరిపోతుంది: 24 నంబరు ఉంటే 25 వేయండి. వైడ్‌బ్యాండ్ మీటర్‌లో ఏఎఫ్ఆర్ (గాలి-ఇంధన నిష్పత్తి) అంకె చూసి మోసపోవద్దు, లాంబ్డా (ఇంధనం సరిగ్గా సరిపోతే 1, ఎక్కువైతే 1 కంటే తక్కువ చూపే అంకె) చూడండి. షాట్ మీద 0.80 నుంచి 0.82 మధ్య ఉండాలి.

ఇంధనం సరిగా ఉన్నా నాకింగ్ ఆగకపోతే ఇగ్నిషన్ టైమింగ్ రెండు డిగ్రీలు వెనక్కి తీయండి, ఒక మెట్టు చల్లటి ప్లగ్గులు వేయండి (ఎన్‌జీకేలో 6 ఉంటే 7), గ్యాప్ 0.8 మిల్లీమీటర్లు పెట్టండి.

లక్షణం: ఇన్‌టేక్‌లో పేలుడు

తక్కువ ఆర్‌పీఎంలో షాట్ పడితే పెట్రోల్, నైట్రస్ రెండూ మానిఫోల్డ్‌లో (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో) పోగై వెనక్కి అంటుకుంటాయి. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడే పనిచేసే మైక్రోస్విచ్, దానితోపాటు నిర్ణీత ఆర్‌పీఎంల మధ్యే నైట్రస్‌ని వదిలే విండో స్విచ్ పెట్టాలి. 3000 దగ్గర ఆన్, లిమిటర్‌కి (ఇంజన్ గరిష్ఠ ఆర్‌పీఎం హద్దుకి) 500 ముందే ఆఫ్. లిమిటర్ తగిలితే ఈసీయూ పెట్రోల్ ఆపుతుంది, నైట్రస్ వస్తూనే ఉంటుంది.

స్టార్ట్ చేసేటప్పుడే పేలిందంటే సోలనాయిడ్ లీకు. నాజిల్ విప్పి గ్లాసు నీళ్లలో ముంచి, ఇంజన్, స్విచ్‌లు అన్నీ ఆఫ్‌లో ఉంచి బాటిల్ తెరవండి. ఐదు నిమిషాల్లో బుడగ వస్తే ప్లంజర్ సీటు పోయింది, లేదా చెత్త ఇరుక్కుంది. ఆ చెత్త ఎక్కువసార్లు టెఫ్లాన్ టేపు ముక్కే. సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లో ఫిట్టింగు కొన్నప్పుడు చేతిలో టేపు చుట్ట కూడా పెడతారు, పక్కన పడేయండి. పైపు మరలకి టెఫ్లాన్ పేస్టు, ఫ్లేర్ ఫిట్టింగులకి అసలేమీ అక్కర్లేదు. లీకు అనుమానం ఉన్న ఇంజన్‌ని అలాగే స్టార్ట్ చేయొద్దు: బాటిల్ మూసి, కాయిల్, ఇంజెక్టర్ల ఫ్యూజులు తీసి, థ్రాటిల్ నొక్కిపట్టి పది సెకన్లు క్రాంక్ చేస్తే మానిఫోల్డ్ ఖాళీ అవుతుంది.

లక్షణం: సోలనాయిడ్ టక్‌మనడం లేదు

ప్రెషర్ సరిగా ఉంటే ఇది కరెంటు సమస్యే. షాట్ వేసేటప్పుడు సోలనాయిడ్ దగ్గరే మల్టీమీటర్ పెట్టండి, 12 వోల్టుల కంటే తక్కువైతే సన్న వైరు లేదా రంగు మీద బిగించిన ఎర్తు. 30 ఆంపియర్ల రిలే, బ్యాటరీ పక్కనే ఫ్యూజు. పరీక్ష పేరుతో ఎక్కువసేపు నొక్కిపడితే కాయిల్ కాలుతుంది.

లక్షణం: మొదట బాగా లాగి, మధ్యలో తెగి తెగి వస్తోంది

బాటిల్ తిరగబడింది. పడుకోబెట్టే బాటిల్‌కి వాల్వ్ బండి ముందువైపు, కొంచెం ఎత్తుగా, లేబుల్ పైకి ఉండాలి. లోపలి గొట్టం చివర అడుగున వెనకవైపు ఉంటుంది, బండి దూకినప్పుడు ద్రవం అక్కడికే చేరుతుంది.

లక్షణం: నిలబెట్టిన బండిలో బాటిల్ ఖాళీ, వాల్వ్ పక్కన డిస్క్ చిరిగింది

ప్రెషర్ మితిమీరితే చిరిగి గ్యాస్‌ని వదిలేసే సేఫ్టీ డిస్క్ అది, తన పని తాను చేసింది. తప్పు నింపడంలో ఉంది: పది పౌండ్ల బాటిల్‌లో 4.5 కిలోలకు మించి పట్టించకూడదు, అదీ గేజి చూసి కాదు, ఖాళీ బరువు తీసేసి తూకం మీద. చిరిగిన చోట అదే రేటింగ్ ఉన్న కొత్త డిస్కే వేయాలి. నాణెమో రేకుముక్కో అడ్డం పెడితే ఈసారి చిరిగేది బాటిల్. డిస్క్ నుంచి గొట్టం బండి బయటికి పోవాలి. హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీ, క్యాబిన్ ఒకటే గది కాబట్టి అద్దాలు మూసి ఉంటే గ్యాస్ ఊపిరాడనివ్వదు. ద్రవం మరిగేదే మైనస్ 88 డిగ్రీల దగ్గర, చేత్తో ఆపబోతే చర్మం అంటుకుపోతుంది. తలుపులన్నీ తెరిచి దూరంగా జరగండి. వేసవిలో ట్రాక్ పని అవగానే బాటిల్ విప్పి, గాలి ఆడే నీడపట్టున నిలబెట్టి తాళ్లతో కట్టండి.